ఎనిమిదో దారి

నాకు ముక్కు మీద కోపమని మా ఇంట్ల అందరు అంటరు. కోపం కాదు, కొలత తప్పితే నాకు పడదు, గంతే. పత్తర్‌గట్టిల మాది అంచుల దుకాణం. చీరలకు, దుపట్టాలకు కుట్టే జరీ అంచులు, లేసులు, గోటా, అన్నీ గజం బద్దతోని కొలిచి కోసి ఇచ్చుడు మా పని. పదిహేనేండ్ల సంది గా బద్ద నా చేతులనే ఉంది. ఇంతవరకు ఒక్క గిరాకి గూడ తిరిగొచ్చి తక్కువ కోసినవ్ అనలే. ఇప్పుడు చెప్పే ముచ్చట మాత్రం నేను కొలత తప్పిన ముచ్చట. చుట్టు తిప్పి చెప్పుడు నాకు రాదు, అందుకే ముందే చెప్తున్న.

దుకాణం మీద ఒక అర్ర ఉంటది, లేసు డబ్బాలు వెట్టే అర్ర. ఆదివారం రెండు కొట్టంగనే కింద మా నాయిన కూసుంటడు, నేను మీదికి పోత. ఆడ నలుగురం ఆట ఆడ్తం. పేకలు కాదు, క్యారంబోర్డు కాదు. ఒకలు కథ చెప్తరు, మిగిలినోళ్లు ఆ కథల మనుషులైతరు. ఒకలు కత్తి పడ్తరు, ఒకలు మంత్రం ఏస్తరు. తలుపు తీస్తవా, కొడ్తవా, ఉరుకుతవా అన్నది నీ ఇష్టం. అది అయితదా కాదా అన్నది పాచిక చెప్తది. ఆరేండ్ల సంది ఇదే నడుస్తున్నది. మొదట్ల మా నాయిన ఒకనాడు మెట్లెక్కి తొంగి చూసిండు. ఎదిగిన మనుషులు నలుగురు కూసొని 'నేనిప్పుడు రాక్షసుని వెనకకు పోతున్న' అని మాట్లాడుకుంటుంటే ఏమనాలెనో తెల్వక అట్లనే కిందికి దిగిపోయిండు.

కథ చెప్పేది అమరనాథన్న. బీమా ఆఫీసుల చేస్తడు, మాట తక్కువ, ఓపిక మస్తు. రెండోటోడు అనురాగ్, మా చిన్నాయన కొడుకు, ఇత్తడి సామాన్ల దుకాణం వాళ్లది. మూడో మనిషి స్రవంతి. బహదూర్‌పురాల ఒక రక్త పరీక్షల ల్యాబుల చేస్తది. వాళ్ల నాయిన కృష్ణయ్య కాకకు బర్రెలున్నయ్, ఇంటి ముంగటనే పాల కౌంటర్ ఉంది, అంగట్ల బర్రెల బేరాలు కుదిర్చే దలారి పని గూడ చేస్తడు. నాలుగోటోడిని నేను, దీక్షిత్.

ఇంగ్లీషు పుస్తకాలు చూసి మొదలువెట్టినం గని, ఆడంగ ఆడంగ మా సొంత ఆటే ఒకటి తయారైంది. వాళ్లు క్లాస్ అనేదాన్ని మేం విద్య అంటం. లెవెల్‌ను మెట్టు అంటం. దెబ్బ తగిలితే తగ్గేది ప్రాణం. కొట్లాటల ఒక్కో వంతు ఒక పూట. విద్యలు నాలుగే: యోధుడు, మంత్రగాడు, వైద్యుడు, దొంగ. మూడో మెట్టు ఎక్కినంక ప్రతి విద్య రెండు దారులుగ చీలుతది. ఎసొంటి యోధుడు, ఎసొంటి దొంగ అన్నది గప్పుడు తేలుతది. ఒక్కపారి దారి పడితే ఇగ మార్చుడు లేదు.

పోయిన ఎండాకాలం మాదాపూర్‌ల ఒక చిన్న కంపెనీ ఈ ఆటను పుస్తకం వేస్తమని ముందుకొచ్చింది. ఆ పని చూసేటామె పేరు కీర్తిప్రియ. విద్యకు రెండు దారులు, దారికి ఒక పేజీ, మొత్తం ఎనిమిది పేజీలు ఇస్తమన్నది. ఏ దారి ఎవరు కట్టిండ్రో ఆ పేజీ కింద వాళ్ల పేరు వేస్తమన్నది. ఏడు దారులు తొందరగనే తేలినయ్. మూడు అమరన్నవి, రెండు అనురాగ్‌వి, రెండు నావి. దొంగ విద్యల రెండో దారి కాడ కిరికిరి మొదలైంది. దానికి నేను కట్టిన నీడగాడు ఒకటి, స్రవంతి కట్టిన దలారి ఒకటి. ఉన్నది ఒక్క పేజీ.

రెండు పేజీలు నీకున్నయ్ గద, మూడోది ఎందుకు అని మీరు అడగొచ్చు. నన్ను నేను గది అడగలే. మంచి మాల్ లోపటికి రావాలె, ఎవ్వనిదైతే ఏంది అనుకున్న.

స్రవంతికి ఆ పేజీ ఎందుకు కావాల్నో మా అందరికి తెలుసు, ఆమెనే చెప్పింది. ఆదివారం పాల కౌంటర్ మీద మనిషి లేడని కృష్ణయ్య కాక ఇంట్ల లొల్లి చేస్తున్నడు. ఆరేండ్లు ఊకున్నడు, ఇగ ఊకోను అన్నడు. "గా ఆట ఏందో, దాంట్ల నువ్వేం చేస్తవో ఎన్నిసార్లు చెప్పినా నాకు సమజ్ కాదు. అచ్చు పుస్తకంల నీ పేరు పడితే అది పనే అనుకుంట, ఆదివారం నీకిచ్చేస్త. పడకుంటే కౌంటర్ మీద కూసో," అన్నడట. కాక మాటంటే మాటనే. ఆరు దినాలు ల్యాబుల సూదులు గుచ్చి ఏడోనాడు పాలు పోస్తే ఆ పిల్లకు తనదని మిగిలేది ఏం లేదు. "ఒక్క పేజీ అన్నా, ఒక్కటే," అన్నది నాతోని. చూద్దాం తియ్ అన్న.

దారులన్నిటిని పోల్చి చూసి ఏది ఉండాలె, ఏది పోవాలె అని చెప్పే పని నాకు అప్పజెప్పిండ్రు. అప్పజెప్పుడు ఏముంది, నేనే తీసుకున్న, వాళ్లు కాదనలే. ఇసొంటి పనికి నన్ను మించినోడు లేడని నాకు గట్టి నమ్మకం. పెద్ద డ్రాయింగ్ కాయితం తెచ్చి నాలుగు ఖానాలు గీసిన. ఒక కొట్లాటల ఎంత దెబ్బ కొడ్తడు, ఎంత దెబ్బకు ఆగుతడు, దినానికి ఎన్నిసార్లు పనికొస్తడు, ఆఖరుకు ఎంత ప్రాణం మిగిలించుకుంటడు. విద్య ఏదైనా ఖానాలు ఇవే. జరీ అయినా లేసు అయినా గజం ఒక్కటే ఉండాలె గద.

ఆ పని నాకు మస్తు ఖుషీ ఇచ్చింది, అబద్ధం ఎందుకు చెప్పాలె. ముందు యోధుల సంగతి చూసిన. నేను కట్టిన దారి పేరు గోడ. వీడు కొట్టేది తక్కువ, నిలబడేది ఎక్కువ, పక్కోని మీద పడే దెబ్బ గూడ తన మీదికే గుంజుకుంటడు. అనురాగ్ కట్టింది వేటగాడు. దూరం నుంచి బాణం వేస్తే గోడ నాలుగు పూటలల్ల కొట్టేది వీడు ఒక్క పూటల కొడ్తడు, గని ఎవడన్న పక్కకొచ్చి నిలబడితే వీని పని కతం.

వైద్యులు రెండూ అమరన్నవి. పసరోడు కొట్లాట అయినంక పసరు పోసి ప్రాణం తిరిగిస్తడు. దీపగాడు కొట్లాట నడిచినంతసేపు ఒక దీపం పట్టుకొని నిలబడ్తడు, ఆ దీపం ఆరేదాంక జట్టుల ఎవ్వడు చావడు. కాయితం మీద రాసి చూస్తే నాకొక సంగతి దొరికింది. నా గోడ, అమరన్న పసరోడు చేసేది ఒక్కటే పని. ఒకడు గాయం కాకముందు ఆపుతడు, ఒకడు అయినంక కుడ్తడు. జట్టుకు మిగిలే ప్రాణం ఇంచుమించు సమానం. విద్యలు వేరు, పేర్లు వేరు, లోపల బట్ట ఒక్కటే. ఇది పట్టుకున్నందుకు నా వీపు నేనే తట్టుకున్న.

మంత్రగాళ్ల కాడ జర లొల్లి అయింది. నా నిప్పుగాడు దినానికి ఒక్కసారి నిప్పు కురిపిస్తడు, ముందున్నోళ్లందరికి తలా పద్దెనిమిది ప్రాణం తగ్గుతది. సక్కటి హిసాబ్. అనురాగ్ మాయగాడు తన చేతులతోని ఎవ్వర్ని కొట్టడు, శత్రువులకు కండ్లు మసకలయ్యేటట్టు చేస్తడు, వాళ్లు ఒకల్ని ఒకలు కొట్టుకుంటరు. గా దెబ్బ ఎవ్వని ఖానాల రాయాలె? వాడు కొట్టలే గద అన్న నేను. వాడు లేకుంటే ఆ దెబ్బ ఉండేదా అన్నడు అనురాగ్. అరగంట వాదులాడినం. ఆఖరుకు సగం మాయగాని ఖానాల రాస్త తియ్ అన్న. అనురాగ్ మొకం విచ్చుకుంది. కొట్టని దెబ్బను గూడ ఒకని పేరు మీద రాయొచ్చని నేను ఒప్పుకున్నది గా దినమే. దలారిని కొలిచేటప్పుడు మాత్రం అది నాకు యాదికి రాలే.

ఇగ దొంగలు. అమరన్న తాళాలోడు తాళాలు, గోడలు, ఉచ్చుల సంగతి చూసుకుంటడు, వానితోని ఎవ్వలికి పేచీ లేదు. నా నీడగాడు అందరికన్న ముందు ఒంటరిగ పోతడు. నీడల నడుస్తడు, ఎవ్వనికి కనబడడు, మొదటి దెబ్బ మూడింతలు. ప్రాణం తక్కువ, పదమూడే, గని కనబడనోన్ని కొట్టేదెవడు?

స్రవంతి దలారి గురించి జర చెప్పాలె. బర్రెల అంగట్ల బేరం నోటితోని కాదు. అమ్మేటోడు, దలారి చేతులు కలిపి మీద తువ్వాల కప్పుతరు. లోపట వేళ్లు పట్టి నొక్కుతరు. చుట్టు ఇరవై మంది నిలబడ్డా వాళ్లకు కనబడేది మొకాలే. బేరం తెగనీ, తెగకపోనీ, లోపట ఏం నడిచిందని ఎవ్వలు అడగొద్దు. అడిగితే అడిగినోని ఇజ్జత్ పోతది. చిన్నప్పుడు నాయిన వెంట పోయి చూసిన గా పద్ధతినే స్రవంతి ఆటలకు తెచ్చింది. దలారి దినానికి ఒక్కపారి, కొట్లాట మొదలు కాకముందు, ఎదుటోళ్లల్ల ఒకర్ని బేరానికి పిలవొచ్చు. ఆమె, ఎదుటోని తరఫున అమరన్న, నిజంగనే తువ్వాల కింద చేతులు వెడ్తరు. ఏ వేలికి ఏం అర్థమో వాళ్లిద్దరు ముందే అనుకున్నరు. ఆమె ఇయ్యగలిగేది తనదే, తన ప్రాణం, తన సామాను. ఏమిచ్చింది, ఏం అడిగింది అన్నది మేం అడగొద్దు. మేం బజారోళ్లం, బేరం మర్యాద మాకు ఇంకొకలు నేర్పాల్నా? ఒక్కనాడు అడగలే.

రెండు దారులను ఆడి చూసి తేల్చాలె అనుకున్నం. ఒక్కోదానికి మూడు ఆదివారాలంటే ఆరు ఆదివారాలు. కీర్తిప్రియ నెలనే ఇచ్చింది. ఇద్దర్ని ఒక్కటే జట్టుల వేసి ఒక్కపారే చూద్దమన్న నేను. దుకాణంల బట్ట మడిచి ఒక్క కోతల రెండు ముక్కలు తీస్తం గద, అట్ల. ఎవ్వలు ఎదురు చెప్పలే. అందరం పురుసత్ లేనోళ్లమే.

అమరన్న నల్లకోట అని ఒక కోట తయారు చేసిండు. మూడు ఆదివారాలు అదే కోట, అవే తలుపులు, ఎదుటోళ్లు గూడ అవే. కొలత మారొద్దని నా జిద్దు. మొదటి తలుపు కాడ రాతి కాపలాదారు ఒకడుంటడు. అనురాగ్ గోడను తీసుకున్నడు, నేను నీడగాన్ని, స్రవంతి దలారిని. తలుపు కనబడంగనే స్రవంతి సంచిల నుంచి వాళ్ల నాయిన ఎర్రగళ్ల తువ్వాల తీసేది. అమరన్న చెయ్యి ముందుకు పెట్టేటోడు. ఇద్దరి మొకాలల్ల ఏం ఉండేది కాదు. స్రవంతి చెయ్యి బయటికి తీసి, తన కాయితం మీద ఇరవై కొట్టేసి ఆరు రాసుకునేది. ఒకలు బెదిరిచ్చింది లేదు, ఒకలు కొట్టింది లేదు, పద్నాలుగు ప్రాణం మాయం. మొదటి వారం అట్లనే, రెండో వారం అట్లనే, మూడో వారం గూడ అట్లనే. ఆమె అంకె చెప్పేది, నేను ఆఖరి ఖానాల వేసేటోన్ని.

ఇటు నా నీడగాడు దుమ్ము లేపుతున్నడు. కాపలాదారు వెనకకు పోయి మూడింతల దెబ్బ, మల్ల నీడలకు. మూడు ఆదివారాలల్ల వాని మీద ఒక్క గీత పడలే. అనురాగ్ గోడకు గూడ అక్కడక్కడ తగిలినయ్, నాకు తగలలే. నేను కట్టిన దారి ఇంత మంచిగ పనిచేస్తుంటే లోపల లోపల ఉబ్బిపోయిన. బయటికి మాత్రం గంభీరంగ అంకెలు వేసుకుంట కూసున్న.

మూడో ఆదివారం పొద్దుగూకే యాళ్లకు కాయితం గోడకు పిన్నులు కొట్టి చదివిన. "నీడగాడు. కొట్టిన దెబ్బ మూడు వారాలకు నూటా ఎనిమిది. తిన్న దెబ్బ సున్న. మిగిలిన ప్రాణం పదమూడుకు పదమూడు. దలారి. కొట్టిన దెబ్బ సున్న. దినానికి ఒక్కపారి. మిగిలిన ప్రాణం ఇరవైకి ఆరు." కింద షరా గూడ రాసిన, 'కొట్లాట లేకుండనే నీరసపడ్తడు, కారణం తెల్వదు' అని.

స్రవంతి కాయితం దిక్కు చూసింది. "తగలకుండ పోయిన దెబ్బకు ఖానా లేదా అన్నా?" అన్నది.

"తగలని దెబ్బను ఎట్ల కొలుస్తరు స్రవంతీ? లేని బట్టను కోసినట్టుంటది," అన్న. నా మాట నాకే మంచిగ అనిపించింది.

అనురాగ్ నవ్విండు. అమరన్న పాచికలు డబ్బాల వేసుకుంట కూసున్నడు, తల ఎత్తలే. నువ్వేమంటవ్ అన్నా అని అడిగిన. "నేను రెండు దిక్కుల మనిషిని, నన్ను అడగకు," అన్నడు. ఎప్పుడు మాట్లాడిండు గనుక ఇప్పుడు మాట్లాడనీకి అనుకొని వదిలేసిన.

స్రవంతి లొల్లి చేయలే. తువ్వాల మడిచి సంచిల వెట్టుకుంది. "సరే అన్నా. అయితే వచ్చే ఆదివారం నుంచి నేను కౌంటర్ మీద ఉంట," అన్నది. నాకు పాపం అనిపించింది, అనిపించలేదని చెప్తే అబద్ధం. గని కొలత కొలతనే అనుకున్న. సోమవారం పొద్దున కాయితం ఫొటో తీసి కీర్తిప్రియకు పంపిన. 'చాలా పద్ధతిగా ఉంది సర్' అని జవాబొచ్చింది. ఆ మెసేజ్ నాలుగుసార్లు చదువుకున్న.

శుక్రవారం కీర్తిప్రియ ఫోన్ చేసింది. పుస్తకంల ఆట నడిచే తీరు చూపెట్టనీకి ఒక నమూనా కావాలె, ఒక కోట మొదటి తలుపు ఆడి ఎవరేమన్నరో రాసి పంపుండ్రి అన్నది. దాందేముంది, నల్లకోట మాకు నోటికొచ్చు. ఆదివారం ముగ్గురమే కూసున్నం. నాలుగో కుర్చీల అనురాగ్ తన టిఫిన్ డబ్బా వెట్టిండు. నేను రాసుకుంట ఆడుతున్న, అచ్చుల పడే ముచ్చట గదా అని మాటలు గూడ జర అందంగ మాట్లాడుతున్న. "నా నీడగాడు చప్పుడు లేకుండ కాపలాదారు వెనకకు చేరుతడు," అన్న.

అమరన్న పుస్తకం చూసిండు. "కాపలాదారు తిరిగిండు. రాతి గదతోని కొట్టిండు. ఏడు."

"ఎట్ల తిరుగుతడు? నేను నీడల ఉన్న గద."

"రెండో దెబ్బ. ఏడు. పద్నాలుగు," అన్నడు. "నీకున్నది పదమూడు. నీ మనిషి పోయిండు."

నాకు కోపం నెత్తికెక్కింది. మూడు వారాలు లేనిది ఇయ్యాల ఎట్లొచ్చింది, అంకెలు మార్చినవా, కావాలని చేస్తున్నవా అని గట్టిగనే అన్న. కింద నుంచి మా నాయిన ఏమైందిరా అని కేకేసిండు. అనురాగ్ "బస్ కరో అన్నా" అని నా చెయ్యి పట్టిండు. అమరన్న తన పుస్తకం తిప్పి నా ముందట వెట్టిండు. నెల కింద, కోట తయారు చేసినప్పుడు రాసిన పేజీ. రాతి కాపలాదారు. పూటకు రెండు దెబ్బలు, దెబ్బకు ఏడు, గురి తప్పదు. ఒంటరిగ ముందుకొచ్చినోన్ని మొదట కొడ్తడు. దాని కింద ఇంకొక ముక్క ఉంది, కండ్లు లేవు, అడుగుల చప్పుడు పడ్తడు అని.

"రాతికి కండ్లుంటయారా? నీడతోని దానికేం పని," అన్నడు అమరన్న.

"అయితే మూడు వారాలు నన్నెందుకు కొట్టలే?"

"అది చెప్పేది కాదు," అన్నడు.

కోపంల గూడ నా చెయ్యి అంకెల మీదికే పోతది, అది నా అలవాటు. రెండు దెబ్బలు, పద్నాలుగు. స్రవంతి కాయితాలు డబ్బాలనే ఉన్నయ్, తీసి ముందు పరిచిన. ఇరవై, ఆరు. ఇరవై, ఆరు. ఇరవై, ఆరు. వారానికి పద్నాలుగు పోయినయ్. నా మీద పడాల్సిన రెండు దెబ్బలను ఆమె తువ్వాల కింద తన ప్రాణంల నుంచి ముందే ఇచ్చేసింది. కొట్టిన దెబ్బ నూటా ఎనిమిది అని నా పేరు మీద రాసుకున్న, తిన్న దెబ్బ సున్న అని పిన్నులు కొట్టి చదివిన, ఆమె ముందటనే. తగలని దెబ్బను ఎట్ల కొలుస్తరని అడిగిన. చెప్పుకోవాలంటే అంగడి మర్యాద తప్పాలె. ఆమె తప్పలే. ఓడిపోయింది గని తప్పలే.

నాకు సిగ్గయింది. ఎంత సిగ్గంటే అనురాగ్ మొకం చూడబుద్ధి కాలే. వాని మాయగానికి కొట్టని దెబ్బ సగం రాసిచ్చినోన్ని నేనే గదా. దగ్గరి చుట్టానికొక గజం, పాలోళ్ల బిడ్డకొక గజం పెట్టిన. దుకాణంల ఎవడన్న అట్ల చేస్తే వాన్ని మెట్లు దింపేటోన్ని.

అక్కడనే కూసొని కీర్తిప్రియకు ఫోన్ చేసిన. ఆదివారం ఎత్తదేమో అనుకున్న గని ఎత్తింది. నా కొలత తప్పింది, నీడగాన్ని వాపస్ తీసుకుంటున్న, దలారిని వెయ్యండ్రి అన్న. "సర్, మా వాళ్లకు నీడగాడే ఎక్కువ నచ్చింది, మీ చార్ట్ చూసే నచ్చింది," అన్నది. ఆ చార్ట్‌ల ఆ అంకెలు నీడగానివి కావు, దలారివి అని చెప్పిన. ఎట్లనో వివరంగ రాసి పంపండి, మంగళవారం దాంక పేజీ ఆపుత అన్నది. రాసి పంపిన. గంట సేపట్ల జవాబొచ్చింది, పేజీ నమూనాతోని సహా. దారి పేరు దలారి, కట్టినది కె. స్రవంతి.

బండి తీసి బహదూర్‌పురా పోయిన. సాయంత్రం ఐదున్నర, కౌంటర్ కాడ స్టీలు డబ్బాలు పట్టుకొని పది మంది దాంక ఉన్నరు. స్రవంతి పాలు కొలిచి పోస్తున్నది. కృష్ణయ్య కాక పక్కన కుర్చేసుకొని కూసున్నడు. "రా సేట్, కూసో," అన్నడు. కూసోలే.

"స్రవంతీ, వారానికి పద్నాలుగు పోయినయ్ గద నీకు. అవి నా మీద పడాల్సినవేనా?" అన్న.

ఆమె పోసుడు ఆపలే. కాక మాత్రం కుర్చీల సగం లేచిండు. "ఏం అడుగుతున్నవ్ సేట్? తువ్వాల కిందిదా?"

"ఆటల సంగతి కాకా."

"ఆటల అయితే ఏంది? నా బిడ్డ చెయ్యి వెట్టినంక అది బేరమే. అడిగేది కాదు." ఆరేండ్లు సమజ్ కానిది కాకకు అట్ల ఒక్క నిమిషంల సమజైంది. స్రవంతి తల తిప్పి నాయిన దిక్కు చూసింది.

"అడుగుడు తప్పే కాకా. చెప్పనీకే వచ్చిన," అని ఫోన్ల పేజీ తీసి ఇద్దరికి చూపెట్టిన. నాది తీసేయించిన, ఆమెది పడ్తది అని చెప్పిన. కాక కండ్లద్దాలు పెట్టుకొని బిడ్డ పేరు మీద వేలు వెట్టి ఒక్కో అక్షరం చదివిండు. "అచ్చుల ఇట్లనే పడ్తదా?" అన్నడు. ఇట్లనే అన్న. "అయితే ఆదివారం నీది బిడ్డా, మాటిచ్చిన," అని లేచి బర్రెల కొట్టం దిక్కు పోయిండు. పోయేటప్పుడు తుండుతోని కండ్లు తుడుసుకున్నడు.

స్రవంతి నవ్వింది. మంచిగ నవ్వింది. "సంతోషం అన్నా. నువ్వు రాసి పంపుతవని అనుకోలే," అన్నది.

"వచ్చే ఆదివారం రెండింటికి మరి. నీ కుర్చీల అనురాగ్ టిఫిన్ డబ్బా వెట్టిండు, వానికి చెప్పిన, తీస్తడు," అన్న.

"రాను అన్నా," అన్నది.

నాకు సరిగ్గ వినబడలేదేమో అనుకున్న. ఆమె ముందున్నాయన డబ్బాల పాలు పోసి, మూతవెట్టి ఇచ్చి, మల్ల చెప్పింది. "మా ల్యాబుల లావణ్య, సాయిప్రియ నేర్పమంటున్నరు. ఇక్కడనే మా ఇంట్ల కూసుంటం. మీ దగ్గరికి రాను."

"నా తప్పు ఒప్పుకున్న గద. ఇంకేం చెయ్యాలె?"

"నువ్వేం చెయ్యక్కరలేదు. కోపం గూడ లేదు నాకు." ఆమె గొంతు ఎప్పటి లెక్కనే ఉంది, ల్యాబుల సూది గుచ్చే ముందు మాట్లాడే గొంతు. "బేరం ఏందని నువ్వు అడగలే, అది పద్ధతి, మంచిగనే చేసినవ్. గని మూడు వారాలు ఇరవై ఉన్న నా ప్రాణం ఆరుకు పడుతుంటే నీ చేతులతోని నువ్వే రాసుకున్నవ్. ఏమైంది స్రవంతీ అని ఒక్కమాట అనలే. నువ్వు అనలే, అనురాగ్ అనలే. అది తువ్వాల కింద లేకుండె అన్నా. బల్ల మీదనే ఉండె."

వెనకనున్న పెద్దామె అర లీటరు అని డబ్బా ముందుకు వెట్టింది, నేను పక్కకు జరిగిన.